కొండ శిఖరముల నడుమ రేఖాగణితము

విశాఖపట్టణమునుండి శృంగవరపుకోట మీదుగా అనంతగిరి కనుమ నెక్కి అరకులోయకు పోవు బాటసారి గాలికొండ దరిని ఒకమారు తప్పక నిలుచును. అచ్చట నిలిచి చూచినవానికి కొండ వెనుక కొండ, దాని వెనుక మరియొక కొండ, నీలిరంగు క్రమముగా పలుచబడుచు, ఆకాశముతో కలిసిపోవువరకు కానవచ్చును. మంచు విడిన ఉదయమున ఎదుటి శిఖరము చేయి చాచినచో అందునట్లు తోచును. సాయంకాలమునకు అదే శిఖరము వెనుకకు జరిగిపోయినట్లుండును. నిజమునకు అది యెంత దూరమున నున్నది? నడుమ లోయ కలదు; లోయలో వాగు కలదు; వాగున కిరుప్రక్కల అడవి కలదు. గొలుసు పట్టుకొని ఆ దూరమును కొలుచుట ఎవరి తరము? అయినను ఆ దూరము మనకు అడుగులతో సహా తెలిసియున్నది. ఎవరును నడువని త్రోవ పొడవు ఎట్లు తెలిసినది?

దానికి సమాధానము బడిపిల్లలు భయపడుచు చదువు రేఖాగణిత సిద్ధాంతములలో నున్నది. సిద్ధాంతమనగా నేమి, దానికి అంగము లెవ్వి, దానిని ఎట్లు నిరూపింతురు, ఆ నిరూపణము మన తూర్పు కనుమల చరిత్రలో ఏ పని చేసినది అను సంగతులను శ్రోతలకు మనవి చేయుటయే నా ఉద్దేశము.

మొదట ఒక చిన్ననాటి ముచ్చట చెప్పెదను. నేను బడిలో చదువుకొనునాడు రేఖాగణిత సిద్ధాంతములను పద్యముల వలె కంఠస్థము చేసితిని. త్రిభుజము పేరు ఎ, బి, సి యైనంతకాలము నా నోట ఒక్క తప్పు దొరలలేదు. ఒకనాడు ఉపాధ్యాయుడు నల్లబల్లపై అదే త్రిభుజమును తలక్రిందులుగా గీచి, దానికి పి, క్యూ, ఆర్ అని పేర్లు పెట్టి, నన్ను పిలిచెను. నేను మాట రాక నిలిచిపోయితిని. ఆయన కోపగించుకొనలేదు. "నీకు సిద్ధాంతము రాదురా, దాని ఊరూపేరూ మాత్రమే వచ్చును" అనెను. ఆ మాటలోని లోతు నాకు చాలకాలమునకు గాని తెలియలేదు. సిద్ధాంతము ఒక త్రిభుజమును గూర్చినది కాదు, ప్రతి త్రిభుజమును గూర్చినది. పేరు మార్చిన కూలిపోవునది నిరూపణము కానేరదు.

తెలుగు పాఠ్యగ్రంథములలో సిద్ధాంతమును నాలుగు భాగములుగా వ్రాయుట వాడుక. మొదటిది దత్తాంశము, అనగా మనకు ఒప్పుకొని ఇచ్చినది. రెండవది సారాంశము, అనగా నిరూపింపవలసినది. మూడవది నిర్మాణము, అనగా నిరూపణమునకు తోడ్పాటుగా మనము క్రొత్తగా గీచుకొను రేఖలు. నాలుగవది ఉపపత్తి, అనగా ఒక్కొక్క మెట్టుకు కారణము చెప్పుచు సారాంశము వరకు నడుచుట. ఈ పద్ధతి చాల ప్రాచీనమైనది. క్రీస్తుకు పూర్వము 300 ప్రాంతమున అలెగ్జాండ్రియా నగరమున యూక్లిడ్ అను గ్రీకు పండితుడు 13 భాగముల గ్రంథమును రచించెను. క్రీస్తు తరువాత 5వ శతాబ్దిలో ప్రోక్లస్ అను వ్యాఖ్యాత అందలి మొదటి భాగమునకు వ్యాఖ్య వ్రాయుచు, సంపూర్ణమైన సిద్ధాంతమునకు ఆరు అంగములు కలవని చెప్పెను: ప్రతిపాదన, దత్తాంశ స్థాపన, సాధ్య నిర్దేశము, నిర్మాణము, ఉపపత్తి, ఉపసంహారము. చివర ఉపసంహారమున మొదటి ప్రతిపాదన మరల వచ్చును. మొదట అది మాట మాత్రమే. చివర అది నిర్ణయము.

ఈ నడక మన తర్కశాస్త్రము నెరిగినవారికి క్రొత్త కాదు. న్యాయశాస్త్రమున అనుమానమునకు ఐదు అవయవములు చెప్పిరి: ప్రతిజ్ఞ, హేతువు, ఉదాహరణము, ఉపనయము, నిగమనము. తెలుగువాడని ప్రసిద్ధి కెక్కిన అన్నంభట్టు తన తర్కసంగ్రహమున ఈ ఐదింటిని బాలురకు సైతము బోధపడునట్లు వివరించెను. ఆ శాస్త్రమున వాడుకగా వచ్చు దృష్టాంతము కూడ కొండయే. కొండపై నిప్పున్నదని ప్రతిజ్ఞ; పొగ కనబడుచున్నదని హేతువు; పొగ యున్నచోట నిప్పుండును, వంటయింటిలో వలె అని ఉదాహరణము; ఈ కొండయు అట్టిదే యని ఉపనయము; కాబట్టి నిప్పున్నదని నిగమనము. పోడు కాల్చు దినములలో అరకు పరిసరములందు తిరిగినవారికి ఈ దృష్టాంతము కన్నుల యెదుటనే నిలుచును.

ఈ రెండు పద్ధతులకు పోలిక ఎంత కలదో భేదమును అంత కలదు. పొగకును నిప్పుకును గల సంబంధము పలుమారులు చూచి తెలిసికొన్నది. త్రిభుజ కోణముల సంబంధము చూచి తెలిసికొన్నది కాదు. వేయి త్రిభుజములను కొలిచి చూచినను వేయిన్నొకటవది తప్పదని ఎవరు హామీ ఇత్తురు? రేఖాగణితము కొన్ని స్వీకృతములను ముందుగా ఒప్పించుకొని, అటుపిమ్మట ఏ కొలతను సాక్ష్యమునకు పిలువక, కేవలము యుక్తిచే నడుచును.

ఒక ఉదాహరణము చూతము. త్రిభుజములోని మూడు కోణముల మొత్తము రెండు లంబకోణములకు సమానమని సిద్ధాంతము. దత్తాంశము ఏదైన ఒక త్రిభుజము. దాని శీర్షమును క అనియు, భూమి చివరలను చ, ట అనియు పిలుతము. నిర్మాణము ఒక్కటే: శీర్షమగు క ద్వారా చట భూమికి సమాంతరముగా ఒక రేఖ గీయవలెను. ఇప్పుడు ఉపపత్తి. సమాంతర రేఖలను మరియొక రేఖ ఖండించినపుడు ఏకాంతర కోణములు సమానములు. కావున చ వద్దనున్న కోణము క వద్ద ఒక ప్రక్కకు, ట వద్దనున్న కోణము క వద్ద రెండవ ప్రక్కకు వచ్చి చేరును. నడుమ త్రిభుజముయొక్క శీర్షకోణము ఉండనే యున్నది. ఈ మూడును కలిసి ఒక సరళరేఖపై నిలుచుచున్నవి. సరళరేఖపై ఒక బిందువు వద్ద ఒకవైపున నున్న కోణముల మొత్తము రెండు లంబకోణములు. కాబట్టి సిద్ధాంతము సిద్ధించినది. ఈ ఉపపత్తి పైథాగొరసు శిష్యులదని ప్రోక్లస్ చెప్పియున్నాడు. త్రిభుజము చిన్నదా పెద్దదా, పలకపై గీచినదా, మూడు కొండల నడుమ నిలిచినదా యను ప్రశ్న ఇందెచ్చటను రాలేదు. ఎచ్చటను రాలేదు కనుకనే అది అన్నిటికిని వర్తించును.

మరియొక సిద్ధాంతము మన కథకు ముఖ్యమైనది. రెండు త్రిభుజములలో భూములు సమానములై, భూమికి రెండు చివరలనున్న కోణములును సమానములైనచో, ఆ త్రిభుజములు అన్నివిధముల సమానములు. దీనిని యూక్లిడ్ నిరూపించిన తీరు చిత్రమైనది. మిగిలిన భుజములు సమానములు కావనుకొనుడు, అని ఆయన ప్రతివాదికి చోటిచ్చును. అట్లయినచో వానిలో ఒకటి పెద్దది. ఆ పెద్దదానిపై చిన్నదానికి సమానమైన భాగమును గుర్తించి, ఆ బిందువును భూమి రెండవ చివరతో కలుపుము. క్రొత్తగా వచ్చిన త్రిభుజము, రెండు భుజములు వాని నడిమి కోణము సమానమగుటచే, రెండవ త్రిభుజముతో సమానమగును. అప్పుడు భూమి చివర వద్ద ఒక చిన్న కోణము, తానొక భాగముగా నున్న పెద్ద కోణముతో సమానము కావలసి వచ్చును. భాగము మొత్తముతో సమానమగుట అసంభవము. కావున మొదటి అనుకోలే తప్పు. మన తార్కికులు దీనిని అనిష్టప్రసంగమందురు. ఎదిరివాని మాటను కొట్టివేయక, దానిని చివరివరకు నడిపించి, అది తనంతట తానే పడిపోవుటను చూపుట ఇందలి మర్మము.

ఈ సిద్ధాంతము చెప్పునదేమి? ఒక భుజమును, దాని రెండు చివరల కోణములను ఎరిగినచో త్రిభుజము మరియొక విధముగా నుండుటకు వీలు లేదు. అనగా మిగిలిన రెండు భుజములను నడిచి కొలువ నక్కరలేదు. గాలికొండనుండి చూచిన బాటసారి ప్రశ్నకు జవాబు ఇదియే. మైదానమున ఒక్క రేఖను జాగ్రత్తగా కొలిచిన చాలును. దాని రెండు చివరలనుండి దూరపు శిఖరమును చూచి కోణములు కొలిచినచో శిఖరము పట్టుబడును. ఆ వచ్చిన భుజమే మరుసటి త్రిభుజమునకు భూమి యగును. ఇట్లు త్రిభుజముపై త్రిభుజము పేర్చుకొనుచు దేశమంతయు నడువవచ్చును.

1802 ఏప్రిల్ 10వ తేదీన విలియం లాంబ్టన్ మదరాసు సమీపమున, పరంగికొండ దరిని, సుమారు 7½ మైళ్ళ ఆధారరేఖను కొలుచుటకు ప్రారంభించినపుడు ఈ పని మన దేశమున మొదలైనది. కోణములు కొలుచుటకు ఆయన వాడిన థియొడొలైటు యంత్రము సుమారు అరటన్ను బరువుండెను. దానిని మనుష్యులే కొండలపైకి మోసిరి. 1819లో ఆయన సహాయుడైన జార్జి ఎవరెస్టు కృష్ణా గోదావరీ నదుల నడిమి అడవులలో పని చేయుచు, వర్షాకాలమున వచ్చిన మన్యపు జ్వరమునకు పరివారముతో సహా గురియయ్యెను. 1820లో ఆరోగ్యము కొరకు ఆయన కేప్ ఆఫ్ గుడ్ హోపునకు వెడలిపోవలసి వచ్చెను. ఆయన పేరు తరువాత లోకములోకెల్ల ఎత్తైన శిఖరమునకు పెట్టబడినది. ఆయనతో కూడ జ్వరపడిన ఖలాసీలకు, జెండాలు పట్టినవారికి, చెట్లు నరికి శిఖరములను బయలుచేసినవారికి ఏ శిఖరమును పేరు నీయలేదు.

19వ శతాబ్ది మధ్యభాగమున ఈ త్రిభుజముల గొలుసు కలకత్తానుండి తూర్పుతీరము వెంట దక్షిణమునకు సాగి, గంజాము, విశాఖపట్టణముల కొండలను దాటెను. పని మిక్కిలి కష్టమైనది. అడవి దట్టము, గాలిలో ఆవిరి, చలికాలమున మాత్రమే దూరపు గురుతు స్పష్టముగా కనబడును. పగటివేళ అద్దముతో సూర్యకాంతిని తళుక్కుమనిపించియు, రాత్రివేళ దీపములు వెలిగించియు శిఖరమునుండి శిఖరమునకు గురుతు పంపుచుండిరి. కొండపై నిప్పును చూచి తర్కము చేయుట ఇచ్చట వట్టి దృష్టాంతము కాక నిత్యకృత్యమైనది.

అయితే త్రిభుజముల గొలుసున ఒక ప్రమాదము కలదు. మొదటి త్రిభుజమున జరిగిన చిన్న పొరపాటు రెండవదానికి వారసత్వముగా వచ్చును. రెండవదానిది మూడవదానికి చేరును. నిరూపణమునందును ఇంతియే: ఒక మెట్టు కదలినచో దానిపై నున్న మెట్లన్నియు కదలును. అందుచేత దారిలో అక్కడక్కడ మరల నేలపై ఆధారరేఖను కొలిచి, లెక్కకు వచ్చిన పొడవుతో సరిచూచుకొనవలెను. ఈ పద్ధతిని అనుసరించి 1831నుండి 1869వరకు దేశమున పది ఆధారరేఖలను ఒకే విధమైన పరికరములతో కొలిచిరి. కలకత్తాది 1831–32లోను, బీదరుది 1841లోను కొలువబడినవి. విశాఖపట్టణపు ఆధారరేఖను 1862–63లో జేమ్స్ పల్లాడియో బెసివి కొలిచెను. ఈ బెసివియే తరువాత గురుత్వాకర్షణ పరిశీలనకై లోలకములను పట్టుకొని దేశమంతయు తిరిగి, 1871లో లడఖు పీఠభూమిపై మరణించెను.

ఆనాడు విశాఖ ఖగోళ విద్యకు సైతము నిలయమైయుండెను. గోడే వెంకట జగ్గారావు మదరాసున జ్యోతిశ్శాస్త్రము నేర్చుకొని వచ్చి, 1840లో ఆ పట్టణమున సొంత వేధశాలను స్థాపించెను. ఆయన తరువాత ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు దానిని నడిపించెను. కోణమును కొలిచి దూరమును తెలియు విద్య దొరల సొత్తు మాత్రమే కాదనుటకు ఇది నిదర్శనము.

ఆధారరేఖను కొలుచుటకు వాడిన పరికరములోనే ఒక సిద్ధాంతము దాగియున్నది. లోహపు కడ్డీ ఎండకు సాగును, చలికి ముడుచుకొనును. విశాఖ ఎండలో మైళ్ళ పొడవున అట్టి కడ్డీలతో కొలిచినచో తప్పు వచ్చుట నిశ్చయము. కాల్బీ అను ఇంజనీరు ఇనుప కడ్డీనొకదానిని, ఇత్తడి కడ్డీనొకదానిని ప్రక్క ప్రక్కన పెట్టి, నడుమ రెండింటిని బిగించెను. ఒకే వేడికి ఇనుము 3 పాళ్ళు సాగినచో ఇత్తడి సుమారు 5 పాళ్ళు సాగును. రెండు కడ్డీల చివరలను కలుపుచు, ఇనుప కడ్డీకి అవతలి వరకు పోవునట్లు ఒక అడ్డపట్టీ అమర్చెను. ఆ పట్టీపై ఇనుప కడ్డీనుండి దూరము 3 పాళ్ళు, ఇత్తడి కడ్డీనుండి దూరము 5 పాళ్ళు ఉండునట్లు ఒక చుక్క పెట్టెను. కడ్డీలు సాగినపుడు పట్టీ వాలును. కాని ఆ చుక్క కదలదు. ఏలయన చుక్కవద్ద కోణము ఉమ్మడిగా గల రెండు సరూప త్రిభుజములలో భుజములు ఒకే నిష్పత్తిలో నుండును. చుక్కకు గల దూరముల నిష్పత్తి, సాగుదలల నిష్పత్తి రెండును 3కు 5. కదలునట్టి రెండు వస్తువులనుండి కదలని బిందువు నొకదానిని యుక్తిచే పుట్టించుట సామాన్యమా!

ఇచ్చట శ్రోతల కొక సందేహము రావచ్చును. సిద్ధాంతము నిరూపింపబడినదే గదా, మరల కొలిచి సరిచూచుట ఎందులకు? సమాధానమేమనగా, ఉపపత్తి ఇచ్చు హామీ షరతు గల హామీ. దత్తాంశము నిజమైనచో సారాంశము నిజము, అంతమాత్రమే అది చెప్పును. దత్తాంశము నిజమా కాదా యని చూచుకొను బాధ్యత మనది. దీనికి పెద్ద దృష్టాంతము ఆ కొండల త్రిభుజములలోనే కలదు. భుజము 25 మైళ్ళుగల త్రిభుజమును మూడు శిఖరముల నడుమ ఎంత జాగ్రత్తగా కొలిచినను, కోణముల మొత్తము 180 డిగ్రీలు రాదు. సుమారు మూడున్నర సెకండ్లు ఎక్కువ వచ్చును. సెకండనగా డిగ్రీలో 3600వ వంతు. ఇది యంత్రపు తప్పు కాదు, కొలిచినవాని తప్పును కాదు. భూమి గుండ్రముగా నున్నది. గుండ్రని తలముపై గీచిన త్రిభుజమునకు సమతల సిద్ధాంతము అక్షరాల వర్తింపదు. త్రిభుజ వైశాల్యము సుమారు 76 చదరపు మైళ్ళు పెరిగినప్పుడెల్ల ఒక్క సెకండు చొప్పున అధికమగును. ఫ్రెంచి గణితజ్ఞుడు లెజాండర్ 1787లో దీనికి సులభమైన ఉపాయము చెప్పెను: ఆ అధికమును మూడు భాగములు చేసి, ఒక్కొక్క కోణమునుండి ఒక్కొక్క భాగమును తీసివేసి, పిమ్మట సమతల త్రిభుజముగానే లెక్క కట్టవచ్చును.

కాబట్టి సిద్ధాంతము తప్పు కాదు. దాని దత్తాంశము మాత్రమే ఇచ్చట మారినది. మన ఉపపత్తిలో శీర్షము ద్వారా సమాంతరరేఖను గీచితిమి గదా! అట్టి రేఖ ఒక్కటే కలదనునది యూక్లిడ్ నిరూపించినది కాదు, ఒప్పుకొమ్మని అడిగినది. రెండువేల యేండ్లు పండితులు దానిని నిరూపింపజూచి విఫలులైరి. 1829లో రష్యాయందు లొబచెవ్‌స్కీ, 1832లో హంగేరీయందు బోల్యాయి, ఆ స్వీకృతమును విడిచిపెట్టియు విరోధము లేని వేరొక రేఖాగణితమును కట్టవచ్చునని ప్రకటించిరి. మనము దేనిని ఒప్పుకొని బయలుదేరితిమో ఎరిగియుండుటయే నిరూపణములోని నిజాయితీ యని ఆనాటినుండి లోకమునకు స్పష్టమైనది.

మన పూర్వులకు ఉపపత్తి తెలియదని కొంద రందురు. అది పూర్తి సత్యము కాదు. తెలుగుదేశమున అనేక కుటుంబములు అనుసరించు ఆపస్తంబ సూత్రములలో శుల్బభాగ మొకటి కలదు. శుల్బమనగా త్రాడు. సోమయాగమునకు వేయు మహావేది పడమట 30 పదములు, తూర్పున 24 పదములు, నడుమ పొడవు 36 పదములు గల సమలంబ చతుర్భుజము. దాని వైశాల్యము 972 చదరపు పదములని చెప్పి ఆపస్తంబుడు ఊరకొనలేదు. అది యెట్లు వచ్చునో చూపినాడు. ఒక ప్రక్కనున్న వాలు త్రిభుజమును కోసి, తలక్రిందులుగా త్రిప్పి, రెండవ ప్రక్కన చేర్చుము. క్షేత్రము దీర్ఘచతురస్రమగును. దాని వెడల్పు 27, పొడవు 36, గుణించిన 972. ఇందు స్వీకృతముల పట్టిక లేకపోవచ్చును. కాని ఎందుకు అను ప్రశ్నకు చేతితో ముట్టి చూచుకొనదగిన జవాబు కలదు. తరువాతి కాలమున భాస్కరాచార్యుని గ్రంథములకు వ్యాఖ్యలు వ్రాసినవారు ఉపపత్తులను విస్తరించి చెప్పిరి. 18వ శతాబ్ది ప్రథమార్ధమున జయసింహుని ఆస్థాన పండితుడు జగన్నాథ సమ్రాట్టు యూక్లిడ్ గ్రంథమును అరబ్బీనుండి రేఖాగణితమను పేర సంస్కృతమునకు తెచ్చెను.

తెలుగున గణితమునకు ఆద్యుడు పావులూరి మల్లన. 9వ శతాబ్దియందలి జైన గణితజ్ఞుడు మహావీరాచార్యుని గణితసార సంగ్రహమును ఆయన తెలుగుచేసెను. మహావీరుడు క్షేత్రఫలమును రెండు తీరుల చెప్పును: వ్యావహారికము, అనగా స్థూలముగా పని జరుపుకొనునది; సూక్ష్మము, అనగా నిక్కమైనది. ఎదురెదురు భుజములను కూడి సగము చేసి, వచ్చిన రెండింటిని గుణించుట చతుర్భుజమునకు స్థూలమైన లెక్క. నాలుగు భుజములును 10 గజములు గల పొలము చతురస్రమైనచో దాని వైశాల్యము 100 చదరపు గజములు. అదే పొలము ఒక మూల 30 డిగ్రీలుగా వాలియున్నచో నిక్కమైన వైశాల్యము 50 మాత్రమే. స్థూలపు లెక్క రెండింటికిని నూరే చెప్పును! భుజములు నాలుగును తెలిసినంతమాత్రమున చతుర్భుజము నిర్ణయము కాదు, త్రిభుజము మాత్రమే భుజములచే నిర్ణయమగును. సర్వేవారు ప్రతి క్షేత్రమును త్రిభుజములుగా విడదీయుట ఇందువలననే.

కొండనేలపై మరియొక చిక్కు కలదు. 30 డిగ్రీల వాలుపై నేలను అంటి 100 గజములు కొలిచినచో, పటముపైకి వచ్చునది సుమారు 87 గజములే. దుంపలు నాటువానికి నేలయంతయు నేలయే. పటము గీయువానికి దాని నీడయే క్షేత్రము. ఈ భేదము తెలియని రైతు, తన భూమి కాగితముపై ఎందుకు తగ్గినదో ఎరుగక, ఎవరినో నిందించును, లేక నోరు మూసికొని ఊరకుండును.

ఇదంతయు వట్టి విద్యావినోదము కాదు. శిఖరముల నడుమ త్రిభుజములు నిలిచిన తరువాత వాని నాధారము చేసికొని పటములు వచ్చినవి. పటములపై ఎల్లలు వచ్చినవి. 1839 చట్టముచే విశాఖ, గంజాము మన్యములు ప్రత్యేక ఏజెన్సీ పాలన క్రిందికి పోయినవి. 1882లో వచ్చిన మదరాసు అటవీ చట్టము, తరతరములుగా పోడు కొట్టుకొనుచున్న కొండలపై రక్షితారణ్యపు రేఖలను గీచినది. రేఖ ఎచ్చటనుండి వచ్చినదో ఎవరును వారికి చెప్పలేదు. రేఖ దాటిన తప్పు, దాటకున్న ఆకలి. 1922నుండి 1924వరకు అల్లూరి సీతారామరాజు నాయకత్వమున జరిగిన మన్యపు పోరాటమునకు ఆ అటవీ నిర్బంధములు ఒక ముఖ్య కారణము. ఈనాడు అరకులోయ ఆయన పేరిట 2022లో ఏర్పడిన జిల్లాలో నున్నది.

రేఖ ఒకప్పుడు రక్షణయును కాగలదు. అనంతగిరి మండలమున బొర్రా పరిసర గ్రామములలోని గనుల లీజులను గూర్చి 1997లో సుప్రీంకోర్టు సమతా వ్యాజ్యమున తీర్పు చెప్పుచు, షెడ్యూల్డు ప్రాంతపు భూమిని గిరిజనేతరులకు గనుల కీయరాదని నిర్ణయించినది. 2006 అటవీ హక్కుల చట్టము సాగుచేసికొనువారికి పట్టా పొందు దారి నిచ్చినది. ఆ దారిలో మరల కొలత కలదు, మరల ఎల్ల కలదు. ఏ రేఖకు ఇటువైపున నేల యున్నది, దాని వైశాల్యమెంత అను ప్రశ్న అచ్చటి కుటుంబములకు జీవన్మరణ ప్రశ్న.

రేఖాగణితము ఇచ్చట ఏ పక్షమును వహించును? సిద్ధాంతము ఏ పక్షమును వహింపదు. అది ఆధారరేఖ కొలిచిన దొరకును, కొండదొర పిల్లవానికిని ఒకే మాట చెప్పును. కాని ఉపపత్తికి ఒక స్వభావము కలదు: దానిలో అధికారము చెల్లదు. ఎందుకని ఎవరడిగినను, ఎంత చిన్నవా డడిగినను, ముందు మెట్టును చూపి జవాబు చెప్పవలసినదే. నేను చెప్పితిని కనుక నమ్ముమనుట నిరూపణము కాదు. యూక్లిడ్ కూడ తాను అడిగి పుచ్చుకొన్నవి ఇవియని మొదటి పుటలోనే ప్రకటించి గాని ముందుకు నడువలేదు. మన్యపు ఎల్లలు గీచినవారు తమ దత్తాంశముల నట్లు ప్రకటింపలేదు. లోపము త్రిభుజములలో లేదు, అచ్చట కలదు.

1960వ దశకమున కొత్తవలసనుండి కిరండూలుకు వేసిన రైలుమార్గము ఈ కనుమలలో 58 సొరంగములు దూరి, 996 మీటర్ల ఎత్తున శిమిలిగుడ స్టేషనును చేరును. సొరంగమును రెండు కొసలనుండి త్రవ్వుకొనుచు వచ్చినవారు కొండ గర్భమున ఒకరినొకరు కలిసికొనుట అదృష్టముచే జరుగదు. కొండపైన ముందుగా నడచిన త్రిభుజములచే జరుగును. ఆ రైలు కిటికీనుండి లోయను చూచు పిల్లలు ఎందరో గిరిజన ఆశ్రమ పాఠశాలలలో చదువుచున్నారు. వారి పుస్తకములలో దత్తాంశము, సారాంశము, నిర్మాణము, ఉపపత్తి అను నాలుగు మాటలు నేటికిని కలవు.

వారికి ఆ మాటలను కంఠస్థము చేయించి ఊరకొందుమా, లేక గదబల గుండ్రని గుడిసె కప్పు అన్నివైపుల సమముగా ఎందుకు కుదిరినదో, ఎదుటి శిఖరము ఎంత దూరమో, తమ తండ్రి పొలము కాగితముపై ఎందుకు తగ్గినదో వారిచేతనే అడిగించి, వారిచేతనే జవాబు చెప్పింతుమా? మొదటి పని వలన పరీక్ష గడచును. రెండవ పని వలన, రేపు ఎవరైన ఒక పటము తెచ్చి ఇది నీ ఎల్ల యని చూపినపుడు, తొణకక నిలిచి, "ఏ దత్తాంశమునుండి?" అని అడుగగల మనిషి తయారగును. ఆ ప్రశ్న అడుగ నేర్చినవానికి త్రిభుజము పేరు మార్చినను, తలక్రిందులుగా గీచినను భయము లేదు.